గంటల టోపీ

ఫోన్లో అతని గొంతు విన్నవాళ్ళు ఆరడుగుల ఆజానుబాహుణ్ణి ఊహించుకునేవారు. హోటలుకొచ్చి చూస్తే కౌంటరు వెనకాల ఎవరూ ఉండరు. అతను కౌంటరంత ఎత్తు కూడా ఉండడన్నది ఒక సంగతి; అసలక్కడ ఉండనివ్వరన్నది రెండో సంగతి. చుక్కల అంగీ, ఎర్ర ముక్కు, గంటల టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర గెంతుతూ ఉంటాడు.

చేరింది మాత్రం రిసెప్షన్లో ఉద్యోగానికే సుమండీ. చేరిన వారానికే మేనేజరు ఆ టోపీ తెచ్చి, ఈ ఒక్కసారికి అన్నాడు. ఆ ఒక్కసారి ఏళ్ళ తరబడి సాగింది. ఫోన్లు మాత్రం అతనే ఎత్తాలి, ఫోన్లో మనిషి కనపడడు కదా మరి. కుదరదంటే మేనేజరు దగ్గర ఒకటే మంత్రం. అతిథికి ఒప్పుకున్నది జరిగి తీరాలి, ఎవరు చేసినా సరే. అది అమ్మగారి రూలు. అమ్మగారంటే హోటలు యజమానురాలు, ఏ ఆర్నెల్లకో ఓసారి కనపడుతుంది. ఇక ఈ మేనేజరు తాటిచెట్టంత మనిషి. పక్కన నిలబడి అదిలించేవాడు.

"ఒరే బుడంకాయ్, నవ్వరా. పళ్ళు కనపడాలి."

అతను నవ్వేవాడు. ఆ పళ్ళు లోపల ఎంత నూరుకునేవాడో ఆ ఎర్ర ముక్కుకే తెలియాలి.

వేషం సంగతి ఇంట్లో కూతురికి తెలియనివ్వలేదు. నాన్న కౌంటరులో కూర్చుంటాడని ఆ పిల్ల బడంతా గొప్పగా చెప్పుకుంది. అలాంటిది ఒక సాయంత్రం గంతులేస్తూ వచ్చింది. అమ్మగారి మనవరాలు తన క్లాసేనట, పుట్టినరోజు హోటల్లోనేనట, క్లాసంతా వస్తోందట, జోకరు కూడా ఉంటాడట. అతనికి మంచినీళ్ళు గొంతుకడ్డం పడ్డాయి. దగ్గు తగ్గేసరికి ఒక ఆలోచన కూడా తట్టింది. మనవరాలి పుట్టినరోజంటే అమ్మగారు రాకుండా ఉంటుందా? పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా పెద్దలు.

తిన్నగా దర్జీ బామ్మర్ది దగ్గరికెళ్ళి కోటూ ప్యాంటూ కుట్టమన్నాడు.

"నీకు కుట్టడమంటే నాకు లాభమే బావా, బోలెడు గుడ్డ మిగులుతుంది. ఇంతకీ పెళ్ళికా, చావుకా?"

"చావుకే. ఒకడి పొగరు చావుకి."

బామ్మర్ది మడతలు చాకులా తెగేటట్టు ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాడు.

పుట్టినరోజు నాడు అతను కోటు తొడుక్కుని, కౌంటరు వెనక ఎత్తు స్టూలెక్కి దర్జాగా కూర్చున్నాడు. మేనేజరు వచ్చి గుడ్లు తేలేశాడు.

"ఏంట్రా ఈ వేషం?"

"వేషం తీసేశానండి."

మర్యాదగా దిగి టోపీ పెట్టుకో, లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని మేనేజరు బుసకొడుతుండగానే, మనవరాలి చెయ్యి పట్టుకుని అమ్మగారు లోపలికొచ్చింది. జోకరేడని అడిగింది. మేనేజరు స్టూలు వైపు వేలు చూపించాడు. అతను స్టూలు దిగకుండానే చెప్పాడు.

"నన్ను తీసుకున్నది ఈ కౌంటరుకండి. ఆ టోపీ తెచ్చిన రోజే వద్దని చెప్పాను."

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. "అదేంటి, సరదాపడి వేస్తున్నాడన్నావు?"

"సరదా వారిదేనండి," అతనే అందుకున్నాడు. " మీ మనవరాలికి ఒప్పుకున్నదీ వారే. ఒప్పుకున్నది జరిగి తీరాలి, ఎవరు చేసినా సరే. మీ రూలేనటగా."

మనవరాలు ఏడుపు మొహం పెట్టింది. అమ్మగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కౌంటరు మీదున్న టోపీ తీసి మేనేజరు చేతిలో పెట్టింది.

ఆ అంగీ అతని కొలతకి కుట్టింది కదా, మేనేజరుకి బొడ్డు దాకా వచ్చింది. లాగు మోకాళ్ళ పైనే ఆగిపోయింది. పొడుగువాడికి బుద్ధి మోకాళ్ళలో ఉంటుందంటారు. ఆ రోజు మోకాళ్ళు మాత్రం అందరికీ కనపడ్డాయి. పిల్లలు విరగబడి నవ్వారు. అతని కూతురు స్నేహితురాళ్ళని కౌంటరు దగ్గరికి లాక్కొచ్చి, మా నాన్న, అని చూపించింది. అతను కోటు సర్దుకుని అందరికీ షేక్‌హ్యాండిచ్చాడు.

పిల్లలు అటు వెళ్ళాక, గుమ్మం వైపు వంగి మెల్లగా అన్నాడు.

"నవ్వండి సార్. పళ్ళు కనపడాలి."

జాలెయ్యలేదా అంటారా? ఆవగింజంత కూడా వెయ్యలేదు. ఇంతలో ఫోను మోగింది. వచ్చే ఆదివారం మా బాబు పుట్టినరోజండీ, మీ దగ్గర జోకరున్నాడటగా, అని ఎవరో అడిగారు. అతను గొంతు సవరించుకుని, గుమ్మం దాకా వినపడేలా చెప్పాడు.

"ఉన్నాడండి. పొడుగు జోకరు. తప్పకుండా వస్తాడు, నేను ఒప్పుకుంటున్నాను."