ఎడమవైపు కుట్లు

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు మా ఇంట్లో ఆడవాళ్లవి. ఆడవాళ్లంటే మేమిద్దరమే, నేనూ, మా తోడికోడలూ. ఆమదాలవలస బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. అన్నదమ్ములిద్దరూ తిని, షట్టరు సగానికి దించి, అక్కడే చాప మీద నడుం వాల్చేవారు. అప్పుడు మేం నడవలో కూర్చుని కుట్టుపని తీసేవాళ్లం. ఆవిడని నేను అక్కా అనేదాన్ని. నాకంటే పదకొండేళ్లు పెద్ద. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి నాకు ఊడిన బొత్తాం కుట్టడం కూడా రాదు. నా చేత సూది పట్టించింది ఆవిడే.

నేర్చుకున్నాక నాకు నిలకడ లేకుండా పోయింది. ఫోనులో ఏది చూస్తే అది మొదలుపెట్టేదాన్ని. నడవ గోడకి వరసగా ఆరు మేకులు, ఆరు గుడ్డ సంచులు. ఒకదాంట్లో క్రోషియా గుమ్మం తెర, ఒకదాంట్లో చీర కొంగుకి వేస్తున్న కుచ్చులు, ఇంకోదాంట్లో పూసల తోరణం, మరోదాంట్లో నా మగ్గం పని జాకెట్టు. మిగిలిన రెండింట్లో ఏమున్నాయో ఒక్కోసారి నాకే గుర్తుండేది కాదు. ఈ రోజు ఇది కాసేపు, రేపు అది కాసేపు. అక్క అలా కాదు. ఒక పని పట్టుకుంటే దారం తెంపి ముడివేసేదాకా రెండోది ముట్టదు.

“ఒసే, ఒకటి కానిచ్చుకోవే. ఏదీ పూర్తి సెయ్యవు. నీ సంచులు సూస్తే నాకే ఆయాసం వస్తాది,” అనేది.

అక్కకి ఒక్కతే కూతురు. కొత్తవలసలో ఇచ్చారు. ఆ అమ్మాయికి మూడో నెల అని ఫోను వచ్చిన మర్నాడే అక్క బీరువా మీది పెట్టె దించింది. పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టాలి. లోపలి పొరకి మా మామగారి పొందూరు పంచెలు రెండు తీసింది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఉతికి ఉతికి ఆ ఖద్దరు వెన్నలా అయిపోయింది. పైకీ కిందకీ ఆవిడ పాత నూలు చీరలు. నడవలో పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో సాపు చేసి, కదలకుండా నాలుగు మూలలా దుకాణంలోంచి తెచ్చిన చెంబుల్లో నీళ్లు పోసి పెట్టాం. ముందు పొరలు జరక్కుండా పొడుగు టాకాలు వేసుకుని, తర్వాత వరసలు వరసలుగా సన్నకుట్టు. అక్క కుట్టు బియ్యపు గింజంత ఉండేది. బొంతకి కుడిపక్క ఆవిడ, ఎడమపక్క నేను కూర్చునేవాళ్లం.

నేను ఎప్పటిలాగే పావుగంట బొంత కుట్టి, క్రోషియా తీసుకునేదాన్ని. అక్క తన పక్కనుంచి మొదలుపెట్టి నా పక్కదాకా వరస లాక్కుంటూ వచ్చేది. అమ్మాయికి ఐదో నెల వచ్చేసరికి అక్క వరసలు బొంత మధ్యకి వచ్చి ఆగిపోవడం మొదలుపెట్టాయి. అక్కడే ముడి వేసి, మళ్లీ కుడి అంచు నుంచి కొత్త వరస ఎత్తుకునేది. నాకు నవ్వొచ్చింది. నేను బద్ధకిస్తున్నానని నా వంతు నాకు వదిలిపెడుతోంది అనుకున్నాను. సిగ్గుపడి, నా సంచులు పక్కన పెట్టి, మధ్య నుంచి ఎడమ అంచుదాకా వరసలన్నీ పూర్తి చేశాను. ఆవిడ అటు చూసినట్టే లేదు.

ఆరో నెలలో చిన్న తలగడ గలీబు మీద పువ్వు కుట్టింది. ఎనిమిది రేకుల పువ్వు, కళ్లు మూసుకుని కూడా కుట్టగలదు. గుడ్డ బిగించిన ఫ్రేము నాకు అందించి, “ఇదైపోనాది, సూడు,” అంది. కుడివైపు నాలుగు రేకులున్నాయి. ఎడమవైపు పెన్సిలు గీత మాత్రం ఉంది.

“ఇంకా నాలుగు రేకులున్నాయి కదక్కా,” అన్నాను.

“ఏటి నాలుగు? అన్నీ అయిపోనాయి కదే.”

ఫ్రేము తీసుకుని తేరిపార చూసింది. ఆవిడ నాతో వేళాకోళం ఆడడం లేదని ఆ చూపులో నాకు తెలిసిపోయింది. ఏం తోచిందో, ఫ్రేము తలకిందులుగా తిప్పి ఆవిడ చేతిలో పెట్టాను. అప్పుడు కనబడింది ఆవిడకి. ఆ ఉత్త పెన్సిలు గీతల మీద వేలు పెట్టి తడిమింది. తర్వాత నవ్వేసింది.

“కళ్లజోడు మార్సాలే. వయసైపోతన్నాది. ఎవురికీ సెప్పకు. మీ బావగారు కంగారు పడతారు. అమ్మాయి వట్టి మనిషి కాదు, బెంగెట్టుకుంటాది.”

ఆ వారంలోనే శ్రీకాకుళం వెళ్లి కొత్త కళ్లజోడు తెచ్చుకున్నాం. నేను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. ఆ కళ్లజోడుతో కూడా ఆవిడ వరసలు మధ్యలోనే ఆగాయి. పైగా వంకర పడసాగాయి, కుట్టు వేలెడంత పొడుగైంది. నేను ఒక అలవాటు చేసుకున్నాను. నాలుగింటికి ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే ఆ వంకర కుట్లు ఊడదీసి, అదే కన్నాల పక్కన నేను కుట్టేసేదాన్ని. వీలైనంత సన్నగా, ఆవిడ కుట్టులా. మర్నాడు ఆవిడ చేత్తో తడిమి, “బాగానే వచ్చింది కదే,” అనేది. “నీ చెయ్యి కదక్కా,” అనేదాన్ని.

అప్పుడు ఎందుకలా చేశానని ఎన్నోసార్లు నన్ను నేను అడుక్కున్నాను. ఆవిడ చెప్పొద్దంది కాబట్టి అని కొన్నాళ్లు అనుకున్నాను. అది నిజమే, కానీ అంతా అదే కాదు. భయం. నోటితో అంటే ఖాయమైపోతుందేమో అని భయం. కుట్లు సరిగ్గా కనబడుతున్నంతసేపూ ఆవిడ సరిగ్గా ఉన్నట్టే నాకు ఉండేది.

ఎనిమిదో నెలలో అమ్మాయిని పురిటికి తీసుకురావడానికి ముహూర్తం చూస్తుండగా, ఒక పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేస్తూ అక్క పడిపోయింది. ఫిట్సు. నేను మెట్లెక్కి వెళ్లేసరికి తీగ మీద బట్టలన్నీ కుడికొసకి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఎడమకొస ఖాళీ. ఆ తీగ ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది.

విశాఖపట్నం తీసుకెళ్లాం. తలలో కుడిపక్క గడ్డ అన్నారు. ఆ పక్క గడ్డ పెరిగితే మనిషికి ఎడమవైపు లోకం ఉన్నట్టే తెలియదని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. కళ్లు బాగానే ఉంటాయట, మెదడే అటు తిరగదట.

“ఇలా ఎన్నాళ్ల నుంచి ఉంది? ఇంట్లో ఎవరూ గమనించలేదా?” అని అడిగాడు.

బావగారు నావైపు చూశారు. రోజంతా ఆవిడతో ఉండేది నేనే కదా.

“ఓ పదిహేను రోజుల నుంచండి,” అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. దాదాపు మూడు నెలలని నాకు తెలుసు. ఆ మాట మార్చి చెప్పడానికి అక్కడ ఉన్న ఐదు నిమిషాలూ నోరు రాలేదు. ముందే వస్తే ఏమైనా తేడా ఉండేదా అని తర్వాత ఒకసారి, ఎవరూ లేకుండా చూసి అడిగాను. “ఈ రకం గడ్డ విషయంలో చెప్పలేమమ్మా. కొంత ఉండొచ్చు, ఉండకపోవచ్చు,” అన్నాడు. అవునన్నా కాదన్నా ఏదో ఒకటి పట్టుకుని బతికేదాన్ని.

ఆపరేషను అయింది. ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మాయి పురిటికి వచ్చి మా ఊళ్లోనే నర్సింగ్‌హోమ్‌లో ఆడపిల్లని కంది. ఆ రోజు అక్క మొహం చూడాలి. మంచం మీద పాపని ఎప్పుడూ ఆవిడ కుడిపక్కనే పడుకోబెట్టేవాళ్లం. ఒకసారి పొరపాటున నేను ఎడమపక్క పడుకోబెట్టి నీళ్లకి వెళ్లాను. పాప ఏడుస్తోంది. అక్క కుడివైపంతా చేత్తో తడుముకుంటోంది.

“ఏడుపు ఇనబడతన్నాది. పిల్ల ఏదే? పిల్లని ఎక్కడెట్టావే?” అని నన్ను చూసి కంగారుగా అడిగింది.

పాపని తీసి ఇటు పెట్టాను. “ఇదిగో ఉన్నాది. ఎక్కడికెళ్లిపోనావే తల్లీ,” అంటూ దగ్గరికి లాక్కుంది. నేను వంటింట్లోకి వెళ్లి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ నెలల్లో నా సంచులు ముట్టలేదు. బొంత మాత్రం నేనే పూర్తిచేశాను. చుట్టూ ఎర్రంచు వేశాను. అక్క దాన్ని ఒక్కసారే ఒళ్లో పెట్టుకుంది, కుడి అంచు వేళ్లతో నిమిరింది. పాపకి నాలుగో నెల వచ్చాక ఒక పొద్దున్న, కాఫీ వేళకి, అక్క పోయింది. బావగారు చెంచాతో నీళ్లు పోస్తుంటే అవి బుగ్గ మీంచి జారిపోయాయి. అలా తెలిసింది మాకు.

కర్మలన్నీ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, అమ్మాయి పాప బట్టలు సర్దుకుంటూ బొంత తీసి మంచం మీద పరిచింది. పక్కనే కూర్చుని వేలితో వరసలు తడుముతూ, “పిన్నీ, ఇందులో అమ్మ కుట్లు ఏవి?” అంది.

“కుడిపక్కవి,” అన్నాను.

“అన్నీనా?”

అవునంటే అయిపోయేది. ఆ పిల్ల అమ్మ కుట్లనుకుని నావి తడుముతూ బతుకుతుందనిపించింది. అబద్ధం చెప్పలేకపోయాను.

“కుడిపక్క కూడా మొదటి ఈ పదిహేను వరసలే అమ్మవి. తర్వాతవి నావి. అమ్మ కుట్టినవి నేను ఊడదీసేసినాను.”

“ఎందుకు?”

“వంకర పడినాయి.”

“ఎప్పుడు?”

“నీకు ఆరో నెల్లో.”

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “నాన్న పదిహేను రోజులన్నాడు. డాక్టరుకి నువ్వే సెప్పినావంట కదా పిన్నీ.”

“అబద్ధం సెప్పినాను,” అన్నాను. ఐదో నెల్లోనే వరసలు మధ్యలో ఆగిపోయిన సంగతి, పువ్వు సంగతి, కళ్లజోడు సంగతి, రోజూ నాలుగింటికి కుట్లు ఊడదీసిన సంగతి, అన్నీ చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆ పిల్ల నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను.

గుమ్మంలో బావగారున్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు. గడప మీదే కూర్చుండిపోయారు.

“పిన్నినొక్కదాన్నే అనకు తల్లీ,” అన్నారు. “రాత్రిళ్లు మేవిద్దరం తినేటప్పుడు మీ అమ్మ కంచంలో ఎడమేపు కూర ముట్టడం మానీసింది. సయించట్లేదనుకున్నాను. ఓ రోజు ఊరికే కంచం తిప్పినాను. మొత్తం తినీసింది. అప్పట్నించి రోజూ సగం తిన్నాక నేనే తిప్పేవోణ్ని. రెండు నెలలు తిప్పినాను. ఎవురికీ సెప్పనేదు. ఏటని సెప్తాను? తింటన్నాది కదా అనుకున్నాను.”

ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ, ఆయన కంచం తిప్పుతున్నారు, నేను కుట్లు ఊడదీస్తున్నాను. ఒక్కసారైనా ఒకరితో ఒకరం అనుకోలేదు. తమ్ముడి భార్యతో ఆయన ఎక్కువ మాట్లాడరు. నేనూ ఆయన ఎదురుగా తలెత్తను. ఆ మర్యాద మమ్మల్ని ఏం చేసిందో ఆ మధ్యాహ్నం అర్థమైంది.

అమ్మాయి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. “ఇద్దరికీ తెలుసు,” అంది. “నాకు తెలిసుంటే అమ్మతో ఉండేదాన్ని కదా. ఆ మూడు నెలలూ ఇక్కడే ఉండిపోయేదాన్ని కదా. అప్పటికింకా బాగా మాటాడేది.” వైద్యం ఆలస్యమైందన్న సంగతే నేను తలమీద మోస్తున్నాను. ఈ నష్టం నాకు తట్టనే లేదు. దీనికి డాక్టరు దగ్గర కూడా జవాబు అడగక్కర్లేదు. మర్నాడు పొద్దున్న బండికి పాపనీ, బొంతనీ తీసుకుని కొత్తవలస వెళ్లిపోయింది. స్టేషనుకి నేను వస్తానంటే వద్దంది.

మూడు నెలలు నాకు ఫోను చేయలేదు. వాళ్ల నాన్నకి చేసేది, పాప ఫోటోలు ఆయనకే పంపేది. ఆయన దుకాణం నుంచి లోపలికి వచ్చి ఫోను నాముందు బల్ల మీద పెట్టి, తాగడానికి నీళ్లడిగేవారు. నేను తెచ్చేదాకా అది అక్కడే ఉండేది. అలా చూశాను పాపకి పళ్లు రావడం.

ఒక రోజు అమ్మాయే చేసింది. పాపకి కడుపునొప్పి, అమ్మ వాము ఎలా కాచేదో చెప్పమంది. చెప్పాను. ఫోను పెట్టేసే ముందు “రావచ్చు కదా పిన్నీ ఓసారి,” అంది.

వెళ్లాను. ఉయ్యాల్లో పాప బొంత మీద పడుకుని ఉంది. కాళ్లతో తన్నీ తన్నీ కుడి అంచు దగ్గర రెండు చోట్ల దారం తెంపేసింది. అక్క వరసలే. పొర విడిపోయి మామగారి పంచె తెల్లగా కనబడుతోంది. నా సంచీలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. తీసి, దారం ఎక్కించి, కొసకి ముడి వేశాను.

అమ్మాయి వంటింట్లోంచి వచ్చి చూసి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు.

“కుట్టకు పిన్నీ. అమ్మవి ఎలగున్నాయో అలగే ఒగ్గేయ్.”

“మొత్తం ఊడిపోతాదే.”

“ఊడిపోనీ.”

సూది తిరిగి సంచీలో పెట్టుకున్నాను. ఆ పిల్ల నా పక్కనే నేల మీద కూర్చుంది. పాప లేచేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.