తిప్పొద్దన్న గుడ్లు

మా అక్క కూర్చుని ఉండగా చూసినవాళ్లు తక్కువ. ఆసుపత్రి లాండ్రీలో ఆమె పని. తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, ముడత పడకుండా వేడి రోలర్‌కి అందించాలి. అవతలి కొసలు పట్టుకునే మనిషి మారుతూ ఉంటుంది గానీ అక్క మారదు. ఇన్నేళ్ల వేడికి ఆమె అరచేతులు మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు వేడిగా ఉందో చల్లారిందో పట్టుకుని చెప్పలేదు. మోకాళ్ల సంగతి అడక్కండి.

ఇంటికొచ్చినా నిలబడే పనే. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊళ్లో అందరినీ పైకీ కిందకీ పంపగలడు గానీ, తాను తిన్న కంచాన్ని మాత్రం వంటింటి దాకా పంపలేడు. కూతురు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఇంట్లో దానికి ఏదీ కనపడదు. అత్తగారు మంచం దిగకుండానే ఇల్లంతా ఏలుతుంది. ఇన్ని మాటలన్నాక న్యాయం కూడా చెప్పాలి కదా, తప్పంతా వాళ్లది కాదు. ఎవరైనా చెయ్యి సాయం చేయబోతే చాలు, "ఉండండి, మీకు రాదు, నేను చేసుకుంటా" అంటుంది అక్క. అలా అని అని వాళ్ల చేతులు కట్టేసింది. పై వాటాలో ఉండే నేను, "నువ్వే చెడగొట్టావక్కా వాళ్లని" అని మొహం మీదే అన్నాను చాలాసార్లు. గోడకి చెప్పుకున్నా ఒకటే, ఆమెకి చెప్పినా ఒకటే.

అలాంటి మనిషికి కోడిపిల్లల పిచ్చి పట్టించింది లాండ్రీ వీధిలో దాణా కొట్టతను. మంచి జాతి పిల్లలు దొరకడం లేదనీ, ఎవరైనా గుడ్లు పొదిగించి ఇస్తే ఎన్నైనా తీసుకుంటాననీ ఏదో మాటల్లో అన్నాడట. ఆ మాట పట్టుకుంది అక్క.

"ఇంట్లో కూర్చుని చేసుకునే పనే" అంది నాతో. కూర్చుని అన్నప్పుడు ఆమె మొహం చూడాలి. పెళ్లికూతురిలా వెలిగిపోయింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస" అని వెక్కిరించాను. నవ్వింది గానీ ఆగలేదు. పాత ఇంక్యుబేటర్ ఒకటి సంపాదించింది. బావ దాని ఫ్యాను బాగుచేశాడు. ఎక్కడో దూరంగా కోళ్లు పెంచే ఒకాయనకి ఫోన్ చేసి గుడ్లు పార్సిల్‌లో పంపమంది. నెలాఖరుకి మానేస్తానని సూపర్‌వైజర్‌కి కూడా చెప్పేసింది. ఆవిడ మంచి మనిషి. "తొందరపడకు. నెలాఖరు దాకా నీ చోటు ఎవరికీ ఇవ్వను" అంది. అంటే లెక్క తేలిపోయింది. పిల్లలు వస్తే అక్క కూర్చుంటుంది. రాకపోతే మళ్లీ రోలర్ ముందు నిలబడుతుంది.

పార్సిల్ అనుకున్నదానికన్నా ఆలస్యంగా, ఒక మూల సొట్టబోయి వచ్చింది. రెండు డజన్ల గుడ్లలో పగిలింది మాత్రం ఒక్కటే. అక్క వెంటనే కోళ్లాయనకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"పగలనంత మాత్రాన బాగున్నట్టు కాదమ్మా" అన్నాడాయన. "గుడ్డు వెడల్పు కొసలో గాలి గది ఉంటుంది. దారిలో కుదుపులకి అది ఊడి లోపల అటూ ఇటూ కదులుతుంటుంది. సన్న కొస కిందకి పెట్టి ఒక రోజు వదిలేయండి. ఇంక్యుబేటర్‌లో పెట్టాక కూడా నాలుగైదు రోజులు తిప్పొద్దు, మూత తియ్యొద్దు. గది కుదురుకున్నాక తిప్పడం మొదలుపెట్టండి."

అక్క ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పిందనుకున్నారు? "ఎవరూ ముట్టుకోకండి, నేను చూసుకుంటా." అంతే. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఎందుకో ఏమిటో వివరించే ఓపిక ఎక్కడిది?

బట్టలారేసుకునే చిన్న గదిలో పెట్టింది ఇంక్యుబేటర్‌ని. పని నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా వెళ్లి అద్దంలోంచి వేడి ఎంతుందో చూసేది. ఒకసారి సరిగ్గా ఉండేది, ఒకసారి పడిపోయి ఉండేది. బల్బు మార్చింది. కరెంటు వాళ్లని తిట్టింది. ఫ్యాను సరిగ్గా బిగించలేదని బావ మీద ఎగిరింది. ఆయన కిక్కురుమనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది, ఆయన అంత తేలిగ్గా మాటలు పడే రకం కాదు.

నాలుగైదు రోజులు గడిచాక అక్క తిప్పడం మొదలుపెట్టింది. పొద్దున వెళ్లేముందు, వచ్చాక, పడుకోబోయేముందు. అరచేతులకి వెచ్చదనం తెలియదు గనక ఒక గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించుకుని చూసేది. ఒక్కోసారి అలాగే కళ్లు మూసుకుని ఊగిపోయేది. గుడ్డు పడేస్తుందేమోనని నా ప్రాణం గిలగిల్లాడేది.

"నిద్ర చాలట్లేదే" అనేది. "తిప్పానో లేదో కూడా గుర్తుండట్లేదు."

ఈ మాట ఇంట్లో అందరూ విన్నారు.

ఒక సెలవు రోజు సాయంత్రం, గుడ్లలో ప్రాణం ఉందో లేదో చూద్దామని నన్నూ పిలిచింది. కిటికీకి దుప్పటి కట్టి, ఫోన్ లైటు గుడ్డు వెనక పెట్టి చూడాలి. లోపల సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తే బతికున్నట్టు. మొదటి గుడ్డులో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. మూడోదాంట్లో గాలి గది, సగం నిండిన సీసాలో బుడగలా అటూ ఇటూ పాకుతోంది. ఇన్ని రోజులైనా కుదురుకోనే లేదు. అక్క ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోయింది. బావ, కూతురు గుమ్మంలో నిలబడ్డారు. అత్తగారు కూడా మంచం దిగి గోడ పట్టుకుని వచ్చింది.

ఆఖరికి ఐదు మిగిలాయి.

"నాదే తప్పు" అంది అక్క మెల్లగా. "నిద్ర మత్తులో తిప్పడం మర్చిపోయుంటాను."

"నువ్వు మర్చిపోతే మాత్రం ఏమైందే?" అంది అత్తగారు. "నేను తిప్పుతూనే ఉన్నాగా!"

అక్క లైటు దించింది. "మీరు తిప్పారా అత్తయ్యా?"

"కోడి ఊరికే కూర్చుంటుందా? ముక్కుతో దొర్లిస్తూనే ఉంటుంది. నువ్వు పనికి పోతావు, వాటినెవరు దొర్లిస్తారు? పెట్టిన రోజు నుంచీ ఒక్కోటీ తీసి, అటూ ఇటూ దొర్లించి, మళ్లీ నువ్వు పెట్టినట్టే నిలబెట్టా."

"అమ్మా, నువ్వెందుకు తిప్పావు?" అన్నాడు బావ కంగారుగా. "మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడల్లా నేను తిప్పానుగా. గుడ్లు తిప్పకపోతే అంటుకుపోతాయని ఫోన్‌లో చూశా."

కూతురు గోళ్లు చూసుకుంటోంది.

"నువ్వు కూడానా?" అన్నాను.

"అమ్మ అలిసిపోతోంది కదా పిన్నీ" అంది ఏడుపు గొంతుతో. "పొద్దున షాపుకి వెళ్లేముందు..."

మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అంటారు. ఇక్కడ గుడ్లకి కళ్లు తిరిగుంటాయి. ఇంకో చోటైతే పడీ పడీ నవ్వేదాన్నే. అక్క మొహం చూశాక నవ్వు రాలేదు. వాళ్ల మీద కోపం రావాలి కదా, అదీ రాలేదు. ఇన్నేళ్లకి ముగ్గురికీ ఒకేసారి అక్క మీద జాలి పుట్టింది. ఎక్కడ చూపించాలో తెలియక పోయి పోయి ఆ గుడ్ల మీద చూపించారు. నాకు దుఃఖం వచ్చింది.

"నన్నొక్క మాట అడగొచ్చుగా" అంది అక్క.

"అడిగితే వద్దంటావుగా" అన్నాడు బావ.

అక్క ఖాళీ గుడ్లన్నీ ఒక గిన్నెలోకి ఎత్తి, ఆ ఐదింటినీ మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టింది.

ఐదింటిలో మూడు పిల్లలయ్యాయి. బాగానే ఉన్నాయి, గోలగా తిరుగుతున్నాయి. కానీ మూడు పిల్లల్ని పట్టుకుని దాణా కొట్టుకి ఏం వెళ్తుంది? నెలాఖరున సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, మానడం లేదని చెప్పి వచ్చింది. అక్క ఎలా ఉందోనని ఆ సాయంత్రం కిందికి దిగాను. నేను వెళ్లేసరికి ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ముగ్గురూ ఎదురుగా నిలబడి ఉన్నారు.

"ఇంకోసారి గుడ్లు పంపమన్నాను" అంది వాళ్లతో. "అవి వచ్చాక ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తిప్పకూడదో ముగ్గురికీ నేర్పుతాను. అది తర్వాత సంగతి. ఇవాళ వంట మీది. తెలియనిది అడగండి, చెబుతాను. లేవను మాత్రం."

అత్తగారు బావ వైపు చూసింది. బావ కూతురి వైపు చూశాడు. కూతురు నా వైపు చూసింది. చివరికి ముగ్గురూ వంటింట్లోకి నడిచారు. గిన్నెలు దొర్లాయి, ఏదో కింద పడింది, అత్తగారు కొడుకుని తిట్టింది. కాసేపటికి మాడు వాసన రావడం మొదలైంది. నేను లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చో. మాడనీ."

"తినలేంరా బాబూ!" అన్నాను.

"తిందాం" అంది.

బావ గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో ఉప్పు డబ్బా. "ఎంత వెయ్యాలి?"

అక్క కుర్చీలోంచి కదల్లేదు. మూడు వేళ్లు కలిపి చూపించింది.