కవల చెరువుకు ముస్తాబు

కృత్తివెన్ను చుట్టుపక్కల కంప్యూటరుకు రొయ్యల పెంపకం నేర్పింది నేనే. నేర్పానంటే, మా మనవరాలు నేర్పుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్చీ మాత్రం నాదే.

గుడివాడ కాలేజీలో చదివే ఆ పిల్ల మా చెరువుకు తెరమీద ఒక కవలను తయారుచేసింది. నీళ్లలో దించిన మీటరు ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంటే, తెరమీది చెరువు కూడా ఇక్కడిదానిలాగే ఊపిరి తీస్తుంది. ఆక్సిజన్ ఎక్కేలా నీళ్లు చిలికే ఫ్యాన్లను ఎప్పుడు ఆపొచ్చో దాన్ని చూసి తేల్చుకోవచ్చు. కరెంటు ఆదా, జనరేటరు పొగా తక్కువ. ఈ పంట దక్కితే పక్క చెరువులవాళ్లూ మీటర్లు పెట్టిస్తామన్నారు. పోతే ఆ పిల్ల మాట ఇక ఎవరూ వినరు.

ఆ దిగులే నాకు పట్టుకుంది. ఫొటో తీసేముందు బిడ్డకు తల దువ్వమా? అలాగే మేత చల్లే తెప్పెక్కి, మీటరు కట్టిన గడను పీకి, జోరుగా తిరిగే ఫ్యాను పక్కన పాతాను. అంకెలు కళకళలాడిపోయాయి. శనివారం ఇంటికొచ్చిన పిల్ల అవి చూసి మురిసిపోయి, సగం ఫ్యాన్లు ఆపమంది. ఆపాను. మీటరు పక్కది మాత్రం తిరగనిచ్చాను.

మర్నాడు తెల్లారుతూనే ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"తాతయ్యా, తెల్లవారుజామున ఏ చెరువుకైనా ఆక్సిజన్ తగ్గుద్ది. మనదానికి తగ్గలేదేంటి? మీటరెక్కడుంది?"

నేను కొంగల్ని చూస్తూ నిలబడ్డాను. గట్టువారన రొయ్యలు ఊపిరాడక మీసాలెత్తి తేలుతున్నాయి. పిల్ల నాచేత ఫ్యాన్లన్నీ వేయించి, తనే నీళ్లలోకి దిగి గడను పాత చోట పాతింది. కొన్ని రొయ్యలు పోయాయి. చాలావరకు మళ్లీ అడుక్కి దిగాయి.

"నీ చెరువు నలుగురిలో బాగా కనపడాలనే అమ్మా," అన్నాను.

తిడుతుందనుకున్నాను. నడుందాకా తడిసిన పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "బీపీ చూపించుకునేటప్పుడు కూడా ఇట్టాగే చేస్తన్నావా తాతయ్యా?"

మధ్యాహ్నం పక్క చెరువు రైతు వచ్చాడు. "ఏంటి బాబాయ్, రొయ్యలు తేలాయంటగా?"

"తేలాయిరా. అంకెల్లో తేడా కనిపెట్టి, నీళ్లలోకి దూకి మీటరు మార్చి పడేశా."

అరుగు మీద చేపలు తోముతున్న మా ఆవిడ తలెత్తింది.

"దూకింది పిల్ల. ఈయన గట్టు మీద చెప్పులు ఎతుక్కుంటన్నాడు. నువ్వు మీటరు పెట్టిచ్చుకో బాబూ. ఈయన్ని మాత్రం దాని దరిదాపులకి రానియ్యమాక."