కుర్చీ దగ్గరికి వచ్చిన చాయ్

ఆ రోజు ఉదయం ఏడుంబావుకు మా కోడలు కవిత చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. తాగి, గ్లాసు వంటింట్లో పెడదామని లేవబోతే కాళ్ళు సహకరించలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఎలాగో లేచాను. వంటింట్లోకి వెళ్ళాక ఎందుకు వచ్చానో తెలియలేదు. గ్లాసు చేతిలోనే ఉంది.

అప్పటికి మా ఆయన పోయి ఏడు నెలలు. వరంగల్ బజారులో మాది దారాలు, గుండీలు అమ్మే దుకాణం. పెళ్ళైన కొత్తలోనే ఆయన గల్లా దగ్గర, నేను దారాల దగ్గర కూర్చోవడం మొదలైంది. ఆయన పోయాక, సంవత్సరీకం అయ్యేదాకా నేను దుకాణానికి వెళ్ళకూడదని పెద్దలన్నారు. ఇంట్లోనూ ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. అది ప్రేమే. పుస్తకాలున్నాయి కదా, పొద్దు గడుస్తుందనుకున్నాను. కానీ చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నానని అప్పటికే కొన్నాళ్ళుగా గమనిస్తున్నాను. మా అత్తగారు చివరి రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందని భయపడి ఎవరికీ చెప్పలేదు.

గ్లాసుతో నిలబడ్డ నన్ను కవిత చూసింది. కొడుకు శ్రీను హనుమకొండలో న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రక్త పరీక్షలు, ఎమ్మారై, హియరింగ్ టెస్ట్ చేశారు.

"డిమెన్షియా, గదే మతిమరుపు రోగం, అనేటంత లేదమ్మా" అన్నారు డాక్టర్. "బీ ట్వెల్వ్ విటమిన్ బాగ తక్కువుంది. కుడి చెవు సరిగ్గ వినపడ్తలేదు. కాళ్ళు వీక్ అయినయ్. ఇంట్ల ఏం పని చేస్తరు?"

శ్రీను గర్వంగా చెప్పాడు. "ఏం చెయ్యనియ్యం సార్. కాలు కింద పెట్టనియ్యం."

"గదే బంద్ చెయ్యుండ్రి. మనుషులతోని మాట్లాడుతదా?"

"చూడనీకి వస్తరు గద సార్."

"వచ్చినోళ్ళు మాట్లాడుతరా, చూసి పోతరా?"

శ్రీను నా వైపు చూశాడు.

బీ ట్వెల్వ్ ఇంజెక్షన్లు, చెవికి మిషన్, ఫిజియోథెరపీ మొదలయ్యాయి. నెల తిరక్కముందే బాత్రూం గడప దగ్గర పడ్డాను. ఎముక విరగలేదు, మోకాలు వాచింది. కవిత భయపడి మళ్ళీ అన్నీ కుర్చీ దగ్గరికే తేసాగింది. వాపు తగ్గాక నేనే అడిగాను.

"దుకాణానికి పోత బిడ్డా."

"ఏడాది నిండలే అత్తమ్మా. లోకం ఏమంటది?"

"లోకం వచ్చి నన్ను లేపుతదా?"

కవితకు నవ్వొచ్చింది. నా చెప్పులు తీసి తెచ్చి ఇవ్వబోయి, ఆగి, గుమ్మం దగ్గరే పెట్టేసింది.

దుకాణంలో దర్జీ యాకూబ్ ఒక గుడ్డముక్క నా ముందు పెట్టాడు. "అమ్మా, మీరు రానప్పటి సంది మీ కొడుకు చిలకపచ్చ అడిగితే ఆకుపచ్చ ఇస్తాండు."

"రెండూ పచ్చనే గద కాకా" అన్నాడు శ్రీను.

"గట్లనే ఇయ్యి. గిరాకీలు నన్ను తిడతరు, నిన్ను గాదు."

నేను లేచి, డబ్బాల్లో వెతికి, దారం తీసి గుడ్డ మీద పెట్టాను. కలిసిపోయింది. కుర్చీ పట్టుకోకుండానే లేచానని తర్వాత తెలిసింది.

ఇప్పుడు రోజూ దుకాణానికి నడిచి వెళ్తున్నాను. అప్పుడప్పుడు పేర్లు తట్టవు. గల్లా వైపు చూస్తే దుఃఖం ఉంటుంది. దానికి మందు అడగలేదు. చదివిన పేజీ మాత్రం గుర్తుంటోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తడబడుతుంటే వయసని వదిలేయకండి. రక్తం, చెవులు పరీక్ష చేయించండి. వాళ్ళు చేసుకోగల పని వాళ్ళనే చేసుకోనివ్వండి.

మా ఇంట్లో ఇప్పుడు నా చాయ్ కుర్చీ దగ్గరికి ఎవరూ తేవడం లేదు.