చడావు మీద రాజలింగం బావ

దయ్యాన్ని చూసిన అని చెప్పెటోళ్లంటే నాకు చిన్నప్పటి సంది కోపం. ఎవడు చెప్పినా ఒకటే తీరు: చీకటి పడ్డది, తెల్లచీరె కనబడ్డది, జరమచ్చింది. చూసినోడు ఎప్పుడూ కల్లు తాగి వచ్చేటోడే ఉంటడు. అసొంటోళ్ల నడుమ నా ముచ్చట పెట్టాలంటే నాకే సిగ్గయితది. అయినా జరిగింది జరిగినట్టు చెప్తున్న.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల నేను లక్సెట్టిపేటల బడి పంతులును. సైకిలంటే నాకు పానం. బస్సెక్కుడంటే నామోషీ. బస్సుల కూసున్న మనిషికీ, పైన కట్టిన మూటకూ నాకేం ఫరక్ కనబడకపోయేది. పొద్దుగాల చెయిన్‌కు నూనె వేసి గోదారి దిక్కు తొక్కుకుంట పోతుంటే సల్లటి గాలి మొఖానికి తగిలేది. గంతకన్న సుఖం నాకు తెల్వదు.

సైకిలు సక్కగ తొక్కరానోళ్లంటే అలుసు. అండ్ల మొదటోడు రాజలింగం బావ, మా అక్క మొగుడు. ఖానాపూర్‌ల ఉండి, సైకిలు మీద చీరెల మూట కట్టుకొని అంగడంగడి తిరిగేటోడు. పెడలు మీద మడిమెలు పెట్టి తొక్కేటోడు. మోకాళ్లు కప్ప కాళ్ల తీరు రెండు దిక్కులకు విచ్చుకునేవి. జరంత ఎత్తు వచ్చినా దిగి నెట్టేటోడు. నేను ఎక్కిరిస్తే నవ్వి ఊకునేటోడు. ఆ నవ్వు చూస్తే ఇంకింత మండేది.

ఒక ఎండకాలం పొద్దుగాల్నే అక్క బస్సు డ్రైవరుతోని కబురంపింది. బావకు చలిజరం ఎక్కువైంది, ఖానాపూర్‌ల గోలీలు దొరుకుతలేవు, పట్టుకొని జల్ది రమ్మని. చలిజరానికి గింత ఆగమా అనుకున్న. దవఖానల కంపౌండరు దగ్గర క్వినైను గోలీలు తీసుకొని జేబుల వేసుకున్న. బస్సు మళ్ల పొద్దుమీకి గాని లేదు. ఉన్నా ఎక్కకపోదును.

జన్నారం దాటినంక టేకు అడవిల పొడుగు చడావు ఉంటది, ఎంత ఎక్కినా ఒడువది. ఎదురుగాలి, నెత్తి మీద ఎండ. సగానికి వచ్చేసరికి పిక్కలు పట్టుకున్నయి. దిగిన. చుట్టూ చూస్తే ఎవ్వలు లేరు. జర దూరం నెట్టుకుంట నడిచిన. జన్నారంల మా దోస్తు ఇల్లున్నది, ఈ పూట అక్కడ పండి రేపు పోతే ఏమైతది, చలిజరం ఎవలికి రాదు అనుకొని సైకిలు ఎనుకకు మలిపిన.

అప్పుడు కింది నుంచి ఒకడు తొక్కుకుంట వచ్చిండు. పెడలు మీద మడిమెలు, విచ్చుకున్న మోకాళ్లు. మా బావ.

మూట లేదు. రొప్పుడు లేదు. చెయ్యి చాపితే అందేటంత దగ్గరికెల్లి పోయిండు. మెడ మీద పుట్టుమచ్చ గుడ కనబడ్డది. చెయిన్ చప్పుడు మాత్రం ఇనబడలే.

నాకు ఒళ్లు మండిపోయింది. జరమని నన్ను ఎండల ఉరికిచ్చి, ఈయన అడవిల షికారు చేస్తుండా!

"బావా! ఆగు! సిగ్గున్నదా నీకు?" అని ఒర్లిన.

ఎనుకకు మర్రి చూడలే. చెయ్యి లేపి 'రా, రా' అన్నట్టు ఊపి, చడావెక్కి అవతలికి దిగిండు.

కప్ప తీరు తొక్కెటోడు నన్ను దాటిపోవుడా? జన్నారం లేదు, దోస్తు లేదు. సైకిలెక్కి పండ్లు కొరుక్కుంట తొక్కిన. ప్రతి మలుపు కాడ ఆయన వీపు కనబడేది. నేను ఆ మలుపు తిరిగేసరికి ఇంకో మలుపు కాడ ఉండేటోడు. తిట్టుకుంటనే తొక్కిన. ఖానాపూర్ ఇండ్లు కనబడంగనే మాయమైండు. ఇంటికి పోయి పండినట్టు నటిస్తుండొచ్చు అనుకున్న.

పొద్దు ఇంకా గూకలే. ఇంట్ల అడుగుపెట్టంగనే "ఏడక్కా, నీ మొగుడు?" అన్న.

అక్క మంచం దిక్కు చూపింది. బావ దుప్పట్ల కింద కండ్లు తేలేసి ఉన్నడు. ఒళ్లు పెనం లెక్క కాలుతుంది. సైకిలు గోడకు ఆనిచ్చి ఉన్నది, ముందు టైర్ల గాలి లేదు.

"ఇయ్యాల బయటికి పోయిండా?"

"యాడికి పోతడురా, మాట గుడ లేదాయె. పగటీలి సంది కాళ్లు మాత్రం ఆడిస్తనే ఉన్నడు. పట్టుకున్నా ఆగలే. సైకిలు తొక్కినట్టే" అని ఏడ్చింది.

గోలీలు నూరి నీళ్లల కలిపి తాగిచ్చినం. గోలీలు ఆ పూట రాకపోతే మనిషి దక్కకపోవునని తెల్లారి నాడి పట్టిన వైద్యుడు చెప్పిండు.

జరం దిగినంక బావ కండ్లు తెరిచిండు. నన్ను చూసి ఏదో అన్నడు. గొంతు లేస్తలేదని వంగి చెవి పెట్టిన.

"మీ అక్క తొవ్వ చూస్తుంటే, సైకిలు ఎనుకకెందుకు మలిపినవురా బామ్మర్దీ?"

తర్వాత అడిగితే, అట్లన్నది తనకు యాదికే లేదన్నడు.

జరం తలకెక్కితే కాళ్లు ఆడుతయని దవఖాన డాక్టరు చెప్పిండు. సరే. నాకు ఎండదెబ్బ తగిలిందన్నడు. అదీ సరే. సైకిలు మలిపిన ముచ్చట నేను అక్కకు గుడ చెప్పలే, బావకెట్ల తెలిసింది?

దయ్యం అందామంటే మనిషి బతికే ఉండె. ఆ తర్వాత గుడ చానేండ్లు అంగళ్లు తిరిగిండు. మరి ఆ చడావు మీద నన్ను దాటిపోయింది ఏందని ఎవలన్న అడిగితే, నాకు ఇప్పటికీ పేరు దొరుకుతలేదు.