పదిహేడు ఓటముల జట్టు కోసం సమాయిల్ దాకా

శుక్రవారం సెలవు కనక గురువారం మధ్యాహ్నం ఆఫీసు వదిలాక నాకు తెలిసిన పని ఒకటే, ఇంటికెళ్ళి పడుకోవడం. ఆ గురువారం మాత్రం మస్కట్ ఘుబ్రాలోని మా ఫ్లాట్ వైపు కాకుండా, కొండల్లో ఉన్న సమాయిల్ ఊరి వైపు బయల్దేరాల్సి వచ్చింది. ఒక ఉత్తరం రాయాలి. దానికి కావలసిన సంగతులన్నీ అక్కడున్నాయి.

మూడేళ్ళు రోడ్డు ప్రాజెక్టు పని మీద మేం సమాయిల్‌లోనే ఉన్నాం. పోయినేడాది నన్ను మస్కట్‌లోని అల్ ఖువైర్ ఆఫీసుకి మార్చారు. ఇల్లు మారినా మా అమ్మాయి సాహితి మాత్రం సమాయిల్ పిల్లల ఐస్ హాకీ జట్టుని వదల్లేదు. తొమ్మిదో తరగతి చదువుతోంది, ఆ జట్టుకి గోల్ కీపర్. ఎడారి దేశంలో ఐస్ హాకీ ఏమిటని మా బావగారు ఫోన్లో ఇప్పటికీ నవ్వుతుంటారు. మస్కట్‌లో ఒక మంచు రింక్ ఉంది. ప్రతి శుక్రవారం పొద్దున తొమ్మిది నుంచి పది దాకా అది ఈ పిల్లలది. ఇప్పుడు ఆ గంట తమకి కావాలని ఇంకెవరో అడిగారట. జట్టు చరిత్ర, సాధించిన విజయాలు రాసి శుక్రవారం తెచ్చివ్వండి, చూసి చెబుతానన్నాడు రింక్ మేనేజరు. ఆ గంట పోతే జట్టు పోయినట్టే. ఇంగ్లిష్ ఉత్తరాలు బాగా రాస్తానని నాకో పేరుంది కనక పని నా నెత్తిన పడింది.

మూడుంబావుకి బుర్జ్ అల్ సహ్వా రౌండ్‌అబౌట్ దగ్గర షేరింగ్ టాక్సీ ఎక్కాను. సీటుకి ఒకటిన్నర రియాల్. నాలుగు సీట్లూ నిండితేగాని బండి కదలదు కాబట్టి మీరెవరైనా వెళ్తే ఒక అరగంట చేతిలో పెట్టుకోండి. నా పక్కన కూర్చున్న మలయాళీ నర్సు నా సంచిలో జట్టు పిల్లలకి తీసుకెళ్తున్న స్కేట్ల తాళ్ళు చూసి, "మీరు ఆడతారా?" అని హిందీలో అడిగింది. నా పొట్ట వంక చూస్తూనే అడిగింది. మా అమ్మాయి ఆడుతుందని చెప్పాను. "సమాయిల్ పిల్లలేగా? మా వార్డుకి ఒకడొచ్చాడు, గడ్డం పగిలింది. కుట్లు వేస్తుంటే మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చని అడిగాడు" అంది. దారిలో బిద్‌బిద్ ఊరు దాటాక కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చాయి. నాలుగున్నరకి సమాయిల్ బజార్లో దిగి, పాత అలవాటు కొద్దీ చిక్కటి కరక్ చాయ్ తాగి, నడుచుకుంటూ సలీం గారి ఇంటికెళ్ళాను.

సలీం అక్కడి బడిలో వ్యాయామం టీచరు, ఈ జట్టుకి కోచ్. నన్ను కూర్చోబెట్టి కహ్వా కాఫీ పోసి, ఖర్జూరాల పళ్ళెం ముందుకి జరిపాడు. నేను కాగితం తీశాను. ఎలా మొదలైందని అడిగాను.

ఆరేళ్ళ కింద బడి పిల్లల్ని మస్కట్ విహారానికి తీసుకెళ్ళాడట. రింక్‌లో గంటసేపూ అందరూ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు, ఒక్కరూ వదల్లేదు. తిరుగుబస్సులో మాత్రం మళ్ళీ ఎప్పుడని ఒకటే గోల. ఆ నెలలోనే ఇక్కడ పనిచేసిన కెనడా ఇంజనీరు ఒకాయన దేశం వెళ్ళిపోతూ తన పిల్లల కర్రలూ గ్లవ్సులూ మూడు సంచులు సలీంకి ఇచ్చి పోయాడు. సామాను వచ్చింది, మంచు లేదు. అందుకని సలీం వాళ్ళ చిన్నాన్న తోటలో ఖర్జూరాలు ఆరబోసే గచ్చు మీద చక్రాల స్కేట్లతో సాధన మొదలుపెట్టారు.

ఆ ఊళ్ళో మూడేళ్ళున్నా నేనెప్పుడూ చూడని ఆ గచ్చు చూపించమన్నాను. వెళ్ళి చూశాం. ఎండాకాలమంతా దాని మీద చాపలు పరిచి ఖర్జూరాలు ఆరబెడతారు. పంట ఎత్తేశాక పాకం అంటుకుపోయి ఉంటుంది. చక్రం ఒక్క అంగుళం జరగదు. అందుకని ఏటా జట్టు మొదటి రోజు ఆట ఉండదు, కడగడమే. పిల్లలంతా వేడినీళ్ళ బకెట్లు, కొబ్బరి చీపుళ్ళు పట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గచ్చు కడుగుతారు. కడగడానికి రానివాళ్ళకి ఆ ఏడాది జట్టులో చోటు లేదు. మా సాహితి ఇంట్లో తన పళ్ళెం తను కడగదు, ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని పాకం గీకిందట. ఈ మాట వాళ్ళమ్మకి చెప్పకూడదనుకున్నాను.

గచ్చుకి ఒక చివర గోడ, దాని పక్కకి తోసేసిన ఖాళీ ఖర్జూరం బస్తాల గుట్ట. ఎందుకని అడిగితే సలీం నవ్వాడు. చక్రాల మీద ఆగడం వీళ్ళెవరికీ చేతకాలేదు. ఉరికొచ్చి, గోడ ముందు పేర్చిన ఈ బస్తాల్లో పడి ఆగేవారు. ఏడాదిపాటు అదే అలవాటు. మంచు మీద మొదటి మ్యాచ్ ఆడిన రోజు అందరూ అలాగే వెళ్ళి గోడకి కొట్టుకున్నారు. బంతిలా వాడే ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఒకవైపు, మనవాళ్ళు ఒకవైపు. అవతలి జట్టు పద్నాలుగు గోల్స్ వేసింది.

"తిరుగు దారిలో ఒక్కడూ మాట్లాడలేదు. ఇక మానేస్తారనుకున్నాను. శనివారం పొద్దున చూస్తే అందరూ గచ్చు మీద ఉన్నారు, బస్తాలు తీసి పక్కన పెట్టేసి" అన్నాడు సలీం.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆ మాట కాగితం మీద రాసుకున్నాను.

ఆ రాత్రి బస గంగారాం రూమ్‌లో. గంగారాంది జగిత్యాల దగ్గర పల్లె. కంపెనీలో మేస్త్రీగా వచ్చి ఇప్పుడు డ్రైవరయ్యాడు. ముదీర్‌ని, అదే కంపెనీలో పై అధికారిని, బతిమాలి ప్రతి శుక్రవారం కంపెనీ కోస్టర్ బస్సు తీసుకుని పిల్లల్ని మస్కట్ తెస్తాడు. డీజిల్ ఖర్చు సలీంది. ఏడున్నరకి పప్పుచారు, గుడ్డు వేపుడు పెట్టాడు. నలుగురుండే గదిలో నాకు మంచం ఇచ్చి తను కింద పడక వేసుకున్నాడు, ఎంత వద్దన్నా వినలేదు.

"వారానికి ఒక్కటే సెలవు. అది కూడా డ్యూటీయే చేస్తున్నావు కదయ్యా" అన్నాను.

"రూమ్‌ల కూసోని ఏం జెయ్యాలె సార్, ఫోన్ జూసుడేనాయె. గా గచ్చు మల్ల జేసింది నేనే. సలీం సార్ అడిగితే సైట్ల గచ్చు నున్నగ జేసే మిషన్ తెచ్చి తిప్పిన. నీళ్ళు పోస్తే ఏ దిక్కు పారద్దు, గట్ల జేసిన. దాని మీద పోరగాళ్ళు ఉరుకుతుంటే పానం మంచిగైతది."

నా కాగితంలో గంగారాం పేరు లేదు. అప్పుడు రాసుకున్నాను. తర్వాత మంచం మీద కూర్చుని ఉత్తరం పూర్తి చేశాను. విజయాలు అన్న చోట కలం ఆగింది. ఈ జట్టు ఇంతవరకు ఒక్క మ్యాచ్ గెలవలేదు. వర్షానికి వాదీ, అంటే వాగు, పొంగి అవతలి జట్టు రాలేకపోయిన రోజు ఒకటుంది, దాన్ని గెలుపు కింద వేశాను. ఒకటే ఉంటే బాగుండదని ఇంకోటి సొంతంగా కల్పించాను. మనం దరఖాస్తు రాస్తే అంతే, కాస్త గాలి కొట్టకపోతే రాసినట్టే ఉండదు.

శుక్రవారం ఏడున్నరకి కోస్టర్ బయల్దేరింది. పదకొండుమంది పిల్లలు, కర్రలు, చెమట వాసన కొట్టే సంచులు. నా పక్కన జట్టు కెప్టెన్ మరియం కూర్చుంది. పద్నాలుగేళ్ళు ఉంటాయి. ఉత్తరం చదువుతానంటే గర్వంగా ఇచ్చాను. దారిలోని ఫంజా ఊరు దాటేదాకా చదువుతూనే ఉంది.

"అంకుల్, మనం రెండు గెలవలేదు" అంది ఇంగ్లిష్‌లో.

"దరఖాస్తు కదమ్మా, అలా రాస్తేనే బాగుంటుంది."

"ఆ స్కోర్‌బోర్డు వాళ్ళదే. స్కోర్లన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి కదా."

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఇంత మామూలు సంగతి నాకెందుకు తట్టలేదో తెలియదు. ఆ పిల్ల నా కలమే అడిగి తీసుకుని రెండు లైన్లు కొట్టేసింది. కింద రాసింది: ఆడినవి పదిహేడు, ఓడినవి పదిహేడు, వేసిన గోల్స్ నాలుగు. ఆ గోల్స్ వేసిన నలుగురి పేర్లు కూడా రాసింది. అందులో తన పేరు లేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఈ పిల్లల మీద ఇదివరకు లేని గౌరవం కూడా పుట్టింది.

ఎనిమిదీ ముప్పావుకి రింక్ చేరాం. సాహితి వాళ్ళమ్మతో ముందే వచ్చి కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుంటోంది. మేనేజరు ఉత్తరం నిలబడే చదివాడు, చివరి లైన్ రెండోసారి చదివాడు.

"పదిహేడూ ఓడిపోయి మళ్ళీ ఎందుకొస్తున్నారు?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

సలీం ఏదో చెప్పబోయాడు. ఈలోపు మరియం, "మాకు మొదట్లో ఆగడం వచ్చేది కాదు సార్. ఇప్పుడు వచ్చింది. చూడండి" అని మంచు మీదికి వెళ్ళింది. వేగంగా వచ్చి, గోడకి జానెడు దూరంలో పక్కకి తిరిగి మంచుపొడి లేపుతూ ఆగింది. వెనకే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి ఆగారు. ఒకడు పడ్డాడు, లేచి మళ్ళీ వచ్చి ఆగాడు.

మేనేజరు గంటంతా అక్కడే నిలబడి చూశాడు. పది కొట్టాక సలీంని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. తొమ్మిదింటి గంట ఇక ఇవ్వలేడు, పైవాళ్ళు మాటిచ్చేశారు. ఎవరూ అడగనిది ఒకటే ఉంది, ఉదయం ఆరు. కావాలంటే అది మీది, మీరు వద్దనేదాకా మీదే.

సలీం ముఖం చిన్నబోయింది. ఆరింటికి ఇక్కడుండాలంటే సమాయిల్‌లో నాలుగున్నరకి బయల్దేరాలి. అంత చీకట్నే పిల్లల్ని పంపమని తల్లిదండ్రుల్ని ఎలా అడగడం? అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ గంగారాం ముందుకొచ్చి హిందీలో అన్నాడు: "నాలుగున్నరంటే మా సైట్ బండి కదిలే టైమే సార్. నాకు కొత్త కాదు. ఇంటింటికి పోయి నేనే లేపుకొస్తా."

సలీం గంగారాం భుజం తట్టాడు. "తెల్లవారుజాము ఫజర్ నమాజు దారిలో ఫంజా మసీదులో చేసుకుందాం" అన్నాడు. పిల్లలు కర్రలు మంచుకేసి కొట్టి కేకలు పెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నపు జుమా నమాజుకి ఊరు చేరాలని కోస్టర్ పదింపావుకే వెళ్ళిపోయింది. మేం కార్లో ఘుబ్రా దారి పట్టాం. పావుగంట ప్రయాణం. నేను వెళ్ళొచ్చిన దూరం అటూ ఇటూ కలిపి నూట డెబ్భై కిలోమీటర్లు ఉంటుందేమో, చూసింది ఒక గచ్చు, ఒక గది, ఒక రింక్. సమాయిల్ వెళ్ళేవాళ్ళు కోట చూసి వచ్చేస్తారు, వీలుంటే ఆ గచ్చు కూడా చూడండి. ఓడిపోయినవాళ్ళ చరిత్ర ఇంత శుభ్రంగా కడిగి పెట్టుకున్న చోటు నేనింకెక్కడా చూడలేదు.

శుక్రవారం నిద్ర కూడా పోయిందే అని నేను గొణుగుతుంటే వెనక సీట్లోంచి సాహితి అంది: "నాన్నా, తొమ్మిదింటికి మనం వెళ్ళేసరికి మంచంతా ఎవరెవరో తొక్కేసి గీతలు గీతలుగా ఉంటుంది. ఆరింటికి ఎవరూ వచ్చి ఉండరు. మొదట దిగేది మేమే."

వాళ్ళమ్మ నా వంక చూసింది. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే ఫోన్ తీసి, వచ్చే శుక్రవారానికి ఐదుంబావుకి అలారం పెట్టాను.