ఇంటూ గుర్తు పెట్టిన తల్లులు

ఓక్లహోమాలో ఎం.ఎస్. చదివేటప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు స్కాన్ చేసేదాన్ని. ఒకసారి పక్కనున్న చిన్న ఊరి కాగితాల పెట్టెలు నా చేతికొచ్చాయి. వందేళ్ల కిందట అక్కడ చమురు పడింది. గోధుమ చేలన్నీ చూస్తుండగానే గుడారాల పట్నమైపోయాయి.

ఒక పెట్టెలో అర్జీ దొరికింది. చమురు బావుల్లో పనిచేసేవాళ్ల భార్యలు ప్రభుత్వానికి పెట్టుకున్నది. "మా పిల్లలు పదేళ్లకే బావుల దగ్గర పనికి పోతున్నారు. చట్టం చేసి ఆపండి. మాకు బడి ఇవ్వండి" అని ఉంది. సంతకాల చోట దాదాపు అన్నీ ఇంటూ గుర్తులే. పక్కన పేర్లు ఎవరో రాసిపెట్టారు. అదే కట్టలో కొన్నేళ్ల తర్వాత, బడి కట్టినందుకు కృతజ్ఞతలు చెబుతూ రాసిన ఉత్తరం ఉంది. అవే పేర్లు. ఈసారి ఒక్క ఇంటూ లేదు. వంకరటింకరగా, కాగితం చిరిగేంత గట్టిగా ఒత్తి, ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు. పగలు పిల్లలు చదివిన బడిలోనే సాయంత్రాలు తల్లులూ చదువుకున్నారట.

మా నాయనమ్మ రేషన్ షాపులో వేలిముద్ర వేసి, ఇంకు అంటిన వేలిని కొంగులో దాచుకునేది. స్కానర్ మూత తెరిచే ఉంచి చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ పెట్టెలు ఇచ్చింది ఆ ఊళ్లోని రిటైర్డ్ టీచరు. ఫోన్ చేసి చెప్పాను.

"ఆ బడినే కూల్చి పార్కింగ్ కడతారట. మంగళవారం టౌన్ కౌన్సిల్ మీటింగ్. నా మాట వినీ వినీ వాళ్లకు విసుగొచ్చింది. నువ్వొచ్చి చెప్పు" అందావిడ.

నా రూమ్‌మేట్‌ది గుంటూరు. "నీకేమన్నా పిచ్చా? స్టూడెంట్ వీసా మీదున్నాం. వాళ్ల ఊరి గొడవ మనకెందుకే?" అంది.

"గొడవేం లేదే. కాగితంల ఉన్నది చదువుత, అంతే."

"క్లాసులో ప్రెజెంటేషన్ ఇవ్వడానికే వణుకుతావు కదే!"

"అందుకే నువ్వు డ్రైవ్ చెయ్యి."

తిట్టుకుంటూనే కారు తీసింది.

మైకు ముందు మూడు నిమిషాలిచ్చారు. రెండు కాగితాలనూ పెద్దగా ప్రింట్ తీసుకెళ్లాను. వాటిని పక్కపక్కన పట్టుకుని, ఆ తల్లుల పేర్లు చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేరుకి వెనక వరుసలో ఒకాయన లేచి, "ఆమె మా నాయనమ్మ తల్లి" అన్నాడు. ఇంకో రెండు పేర్లు చదివేసరికి ఒకావిడ లేచింది. టైమ్ అయిపోయిందని గంట కొట్టారు.

"చదవనివ్వండి" అన్నాడు మేయర్.

అన్నీ చదివాను. చివరి పేరుకి గదిలో సగంమంది నిలబడి ఉన్నారు. ఓటు వేయమన్నప్పుడు, బడి కూల్చడానికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు. టీచరు నన్ను వాటేసుకుంది. నా రూమ్‌మేట్ రెండు వేళ్లు నోట్లో పెట్టి, సినిమా హాల్లోలా ఈల వేసింది.

ఆ వేసవిలో బడి కప్పు బాగుచేశారు. మళ్లీ తెరిచిన రోజు ముందు తలుపు పాత తాళం నన్నే తీయమన్నారు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తాళంచెవిని రెండు చేతులా తిప్పితే గానీ రాలేదు.